అక్క గుండె, చెల్లి గుండె

ఆ పేటలో డ్రైవింగ్ నేర్పే ఆవిడను అందరూ బ్రేకు టీచరు అంటారు. అసలు పేరు అడిగితే నేర్చుకునేవాళ్లు బుర్ర గోక్కోవాల్సిందే. పక్క సీట్లో కూర్చుని, తన కాళ్ల దగ్గరుండే రెండో బ్రేకు మీద పాదం ఆనించి, "కంగారెందుకు, నేనున్నాగా" అనడం ఆవిడ వృత్తి. ఎదురుగా లారీ దూసుకొస్తున్నా ఆ గొంతు పెరగదు. ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్లలో స్టీరింగు పట్టుకోగానే ఏడ్చినవాళ్లున్నారు, మలుపు రాగానే కళ్లు మూసుకున్నవాళ్లున్నారు. ఒక పెద్దమనిషి అయితే బండి కదులుతుండగానే తలుపు తీసుకుని దిగి వెళ్లిపోయాడు. ఎవరినీ ఆవిడ కసురుకోలేదు. ఎంత చెప్పినా నేర్చుకోనిది ఒక్క మొగుడే. తపాలా ఆఫీసులో ఉత్తరాలు వేరుచేసే ఆయన రోజూ బస్సులోనే వెళ్తాడు, బస్సులోనే వస్తాడు. "ఇంటిని ఎలాగూ నువ్వే నడుపుతున్నావు, రోడ్డు మీద కూడా నీతో పోటీ ఎందుకు నాకు" అంటాడు.

ఇంత నిబ్బరం ఉన్న మనిషికి పుట్టింట్లో పేరు మాత్రం పిరికిగుండె. ఆ పేరు పెట్టింది అక్క. చిన్నప్పుడు ఉరుము ఉరిమితే చెల్లి మంచం కింద దూరేది, అక్క కిటికీ తీసి తల బయట పెట్టేది. ఆ ఒక్క ముక్క పట్టుకుని అందరూ జీవితాంతానికి తీర్పు రాసేశారు. అక్క గుండె రాయి, చెల్లి గుండె వెన్న.

అక్కకు రెండు వీధుల అవతల లాండ్రీ ఉంది. ఆవిడ మాట కూడా ఇస్త్రీ పెట్టె లాంటిదే, తగిలితే చుర్రుమంటుంది, కానీ ముడతలు పోతాయి. అక్కచెల్లెళ్లు రోజూ కలుసుకునేవారు, రోజూ ఏదో ఒకదానికి మాటామాటా అనుకునేవారు, మర్నాడు ఏమీ జరగనట్టు మళ్లీ మొదలుపెట్టేవారు.

యాభై దాటాక అక్కకు రొమ్ములో గడ్డ కనిపించింది. కేన్సర్ అన్నారు. ఆపరేషన్ చేసి, ఆ తర్వాత కొన్ని నెలలు నరంలోకి మందు ఎక్కించారు. ఎర్రసిరాలా ఉండే మందు. అక్క జుట్టంతా ఊడింది కానీ నోరు మాత్రం చెక్కుచెదరలేదు. గుండు మీద రుమాలు కట్టుకుని లాండ్రీ గల్లా దగ్గర కూర్చుని, "దుప్పటి మీద ఆ మరక ఏమిటండీ, కాఫీయా, కాపురమా?" అని బేరగాళ్లను ఆటపట్టించేది. జబ్బు నయమైంది.

కొన్నేళ్లకు చెల్లికీ అదే జబ్బు వచ్చింది. అదే ఆస్పత్రి, అదే డాక్టరమ్మ, అదే ఎర్రమందు. "చిన్నప్పుడు నాకు గౌను కొంటే నీకూ అదే రంగు కావాలని ఏడ్చేదానివి. ఆఖరికి ఇది కూడా వదల్లేదు కదే" అని అక్క నవ్వించింది. మందు ఎక్కించిన ప్రతిసారీ పక్కన కూర్చుంది కూడా. చెల్లికి కూడా కేన్సర్ పోయింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

ఊపిరి అందనిది చెల్లికే. డ్రైవింగ్ స్కూలు ఆఫీసు రెండో అంతస్తులో ఉంటుంది. ఒకప్పుడు తాళాల గుత్తి గిరగిరా తిప్పుకుంటూ ఎక్కిన మెట్లే, ఇప్పుడు సగంలో ఆగి గోడ పట్టుకోవలసి వస్తోంది. సాయంత్రానికి చెప్పులు బిగుతైపోతున్నాయి. పడుకుంటే ఆయాసం, లేచి కూర్చుంటే కాస్త నయం. అక్కతో చెబితే తేలిగ్గా తీసేసింది.

"జబ్బు పోయింది, నీ భయం పోలేదు, అంతే. ఆ మందు నేను ఎక్కించుకోలేదా? ఇలా మూలిగానా?"

చివరికి మొగుడే బలవంతాన డాక్టరమ్మ దగ్గరకు తీసుకెళ్లాడు. గుండెను తెరమీద చూపించే ఎకో పరీక్ష చేశారు. గుండె కండరం నీరసించి, రక్తాన్ని తోడవలసినంత తోడడం లేదని తేలింది.

"ఎర్రమందు కేన్సర్‌ని బాగా చంపుతుంది. కానీ కొంతమందికి గుండె మీద దెబ్బ కొడుతుంది" అంది డాక్టరమ్మ. "ఎవరికి కొడుతుందో ముందుగా కచ్చితంగా చెప్పలేకపోతున్నాం. మాత్రలు మొదలుపెడదాం. కొన్నాళ్లు బండి పక్కన పెట్టండి."

బండి పక్కన పెట్టడంతో బ్రేకు టీచరుకు చేతులు కట్టేసినట్టయింది. కిటికీ దగ్గర కూర్చుని, వీధిలో పోయే కార్లను చూస్తూ ఎవరు గేరు తప్పు వేశారో చెవితోనే పసిగట్టేది. పలకరించడానికి వచ్చినవాళ్లు, "మీ అక్కగారు కూడా అదే మందు తీసుకున్నారుగా, ఎంత ధైర్యంగా ఉన్నారో చూడండి" అనిపోయేవారు. మంచికే అనేవారు. కానీ వాళ్లు వెళ్లాక ఆమె మనసులో ఆ మాట ముల్లులా గుచ్చుకుంటూ ఉండేది. అదే మందు కదా. ఒకే తల్లి కడుపున పుట్టాం కదా. అక్క గుండె తట్టుకున్నది తన గుండె ఎందుకు తట్టుకోలేకపోయింది? నిజంగానే తనలో ఏదో పస తక్కువేమోనని ఆమె నమ్మడం మొదలుపెట్టింది. ఈ సంగతి మొగుడికి కూడా చెప్పలేదు.

అలాంటి రోజుల్లో డాక్టరమ్మ ఇద్దర్నీ కలిపి పిలిపించింది. ఆ గదిలో గుండ్రటి కళ్లద్దాల అమ్మాయి ఒకతె కూర్చుని ఉంది. ఆస్పత్రి వెనక ఉన్న పరిశోధనా కేంద్రంలో పని చేస్తోందట.

"మీలాంటివాళ్ల కోసమే వెతుకుతున్నామండీ" అంది ఆ అమ్మాయి. "ఒకే రక్తం పంచుకున్న అక్కచెల్లెళ్లు, ఒకే మందు. ఒకరి గుండెకి ఏమీ కాలేదు, ఒకరికి అయింది. తేడా ఎక్కడుందో తెలిస్తే, రేపు ఆ మందు తీసుకునేవాళ్లని ముందే హెచ్చరించొచ్చు. మీ ఇద్దరి రక్తం కాస్త ఇస్తే చాలు."

"గుండె సంగతికి రక్తం ఎందుకమ్మా?" అంది అక్క.

"గుండెలోంచి ముక్క కోసి తీయలేం కదా ఆంటీ. అందుకని రక్తంలో ఉండే కణాల్ని తీసుకుని, వాటిని వెనక్కి నడిపించి పసికణాలుగా మారుస్తాం. మూలకణాలంటాం వాటిని. వాటికి ఇంకా ఏ పనీ ఒంటబట్టి ఉండదు. తర్వాత సరైన ఆహారం పెట్టి గుండె కణాలుగా పెంచుతాం."

"ముసలిదాన్ని పాపాయిని చేసి, మళ్లీ వేరే దారిలో పెంచుతారన్నమాట."

"దాదాపు అంతే ఆంటీ."

"ఈసారి దానికి కాస్త ధైర్యం కూడా నూరిపోయండి" అని అక్క చెల్లివైపు చూసి నవ్వింది. చెల్లి నవ్వలేదు. చొక్కా చెయ్యి పైకి మడిచి, ముందుగా తనే రక్తం ఇచ్చింది.

మాత్రలు మెల్లగా పని చేశాయి. కాళ్ల వాపు తీసింది, మెట్లు ఎక్కగలిగింది. ఎకో చూసి డాక్టరమ్మ, రోజుకు ఒకరిద్దరికి నేర్పుకోవచ్చని చెప్పింది. ఆ కబురు తెలిసి మొదట చేరింది ఎవరనుకున్నారు? కళ్లద్దాల అమ్మాయే. కంటికి కనపడని కణంతో సూది మొనంత పొరపాటు లేకుండా పనిచేసే ఆ పిల్లకు, కారులో కూర్చుంటే మాత్రం కుడి ఏదో ఎడమ ఏదో తెలిసేది కాదు. క్లచ్ వదలమంటే రెండు కాళ్లూ ఎత్తేసేది.

"కంగారెందుకు, నేనున్నాగా" అనేది టీచరు. ఎన్నో నెలల తర్వాత ఆ మాట తన నోటి వెంట వస్తుంటే ఆమెకే హాయిగా ఉండేది.

ఒక పొద్దున ఆ అమ్మాయి వెలిగిపోతున్న ముఖంతో వచ్చింది. సీటు బెల్టు పెట్టుకుంది, అద్దం సర్దుకుంది, బండి తీసింది, కూడలి దాకా బాగానే వెళ్లింది. అక్కడ ఇక ఆగలేకపోయింది.

"టీచర్! మీ గుండె కొట్టుకోవడం మొదలుపెట్టింది!"

అంటూ రెండు చేతులూ స్టీరింగు మీంచి తీసేసింది. టీచరు పాదం బ్రేకు మీద పడింది. బండి గక్కున ఆగింది. వెనకాల హారన్లు మోగిపోయాయి.

"ఇన్నాళ్లూ కొట్టుకోవడం లేదా ఏమిటి?" అంది టీచరు.

"అది కాదు టీచర్, మా గిన్నెలోది. నిన్నటిదాకా ఆ కణాలు కదలకుండా ఉన్నాయి. ఇవాళ వెళ్లి చూస్తే టపటపమంటున్నాయి. మీ అక్కగారివి కూడా."

"సరే, ముందు బండి తియ్యి. లేకపోతే వెనకున్నవాళ్లు మన గుండెలు తీస్తారు."

ఆ వారంలోనే అక్కచెల్లెళ్లిద్దరూ ప్రయోగశాలకు వెళ్లారు. తెల్లకోట్లు వేసుకుని, చెప్పుల మీద నీలం తొడుగులు తొడుక్కున్నారు. ఆ కోటును చూడగానే అక్క చెయ్యి దానంతటదే కాలరు మీదకు పోయింది. "దీన్ని ఎవరే ఇస్త్రీ చేసింది? మడత ఒకచోట, గీత ఒకచోట" అని గొణిగింది. గది చల్లగా ఉంది. బీరువా అంత పెట్టె తలుపు తీసి, అమ్మాయి రెండు చిన్న పళ్లేలు బయటకు తెచ్చింది. అడుగున గులాబీరంగు ద్రవం తప్ప కంటికి ఏమీ కనపడలేదు.

సూక్ష్మదర్శిని కింద పెట్టి, మొదట చెల్లిని చూడమంది.

మొదట అంతా మసకే. అమ్మాయి ఏదో మర తిప్పగానే తేటపడింది. పలచటి తెరలాంటిది. దాని నిండా పొడుగాటి మచ్చలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. ఆ తెర మొత్తం ఒక్కసారి ముడుచుకుంది, వదిలింది. మళ్లీ ముడుచుకుంది, వదిలింది. నరం లేదు, ఒళ్లు లేదు, చెప్పేవాళ్లు లేరు. గాజు పళ్లెంలో, తనకు తానుగా. బ్రేకు టీచరు తనకు తెలియకుండానే చెయ్యి రొమ్ము మీద వేసుకుంది. లోపలిది ఒక లెక్కలో కొట్టుకుంటోంది, పళ్లెంలోది ఒక లెక్కలో. అయినా రెండూ తనవే. ఎంతసేపు చూసిందో, అక్క భుజం తట్టేదాకా కదల్లేదు.

"జరగవే, నాది నన్ను చూసుకోనీ."

అక్క తనది చూసింది. చెల్లిది చూసింది. మళ్లీ తనది చూసింది.

"ఏమ్మా," అంది చివరికి, "రెండూ ఒకేలా ఉన్నాయేమిటి?"

"ఒకేలాగే ఉంటాయి ఆంటీ. మందు తగిలాకే తేడా."

"దానిది కాస్త గట్టిగా కొట్టుకుంటున్నట్టుంది కూడాను" అంది అక్క, ఒప్పుకోలేక ఒప్పుకుంటున్నట్టు.

తేడా తేలడానికి మరో రెండేళ్లు పట్టింది. ఈలోపు ఆ అమ్మాయి డ్రైవింగ్ పరీక్ష రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కింది. ఒక మధ్యాహ్నం ఇద్దర్నీ పిలిచి, తెలిసింది తెలిసినట్టు చెప్పింది. రెండు పళ్లేలలోనూ ఎర్రమందు పొయ్యగా, అక్క కణాలు కొట్టుకుంటూనే ఉన్నాయట. చెల్లి కణాలు తడబడి, చాలామటుకు చచ్చిపోయాయట. ఎందుకా అని లోపలికి వెళ్లి చూస్తే, కణం చుట్టూ ఉండే పొరలోని చిన్న చిన్న తలుపుల్లాంటి వాటిలో ఒక రకం తలుపు చెల్లి కణాల్లో మరీ వదులుగా ఉంది. మందు వరదలా లోపలికి వచ్చిపడుతోంది. ఆ తలుపును తయారుచేసే జన్యువులో ఒకే ఒక్క అక్షరం తేడా. పుట్టుకతో వచ్చింది.

"ఆ అక్షరాన్ని పళ్లెంలో దిద్ది చూశాం టీచర్. దిద్దిన కణాలు మీ అక్కగారి వాటిలాగే తట్టుకున్నాయి" అంది అమ్మాయి. "కానీ ఇద్దర్నే చూసి తీర్మానించకూడదు. ఇంకా చాలామందిని చూడాలి. ఇది ఒక కారణం మాత్రమే, వేరేవి కూడా ఉండొచ్చు."

బ్రేకు టీచరు మెల్లగా అడిగింది.

"అయితే నేను భయపడటం వల్ల కాదా?"

అమ్మాయికి అర్థం కాలేదు. "భయమా? దానికీ దీనికీ ఏం సంబంధం టీచర్?"

ఆ మాట ఆ పిల్ల ఎంత మామూలుగా అందంటే, టీచరుకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కళ్లు తుడుచుకుని నవ్వేసింది. పక్కన అక్క చేతిసంచీ జిప్పు తీస్తూ వేస్తూ కూర్చుంది. దారిలో చెల్లి సంచీ కూడా తనే మోసుకుంటూ, చెల్లి నడకకు తగ్గట్టు మెల్లగా నడిచింది.

మర్నాడు లాండ్రీకి ఓ పాత బేరగత్తె వచ్చి, చెల్లెలి ఆరోగ్యం అడిగి, "పాపం, ఆవిడది మొదట్నుంచీ మెతక గుండె కదండీ" అందట. అక్క ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టింది.

"మెతకేమిటండీ మెతక? అది తలుపు గొడవ. ధైర్యం గొడవ కాదు. తలుపు బార్లా తీసి ఉంటే మీ ఇంట్లోకి మాత్రం వరద రాదూ? ఇంత వరద వచ్చినా మునగకుండా నిలబడిందంటే, మా చెల్లి గుండెని గుండె అనాలి."

ఈ మాట లాండ్రీలో పనిపిల్ల ద్వారా సాయంత్రానికల్లా చెల్లికి చేరింది. ఆమె మొగుడికి చెప్పి, ఇద్దరూ కడుపుబ్బ నవ్వుకున్నారు. అక్కను మాత్రం దాని గురించి ఏమీ అడగలేదు.

ఇప్పుడు బ్రేకు టీచరుకు ఆయాసం లేదు. మాత్రలు వేసుకుంటుంది, పొద్దున పూట మాత్రమే నేర్పుతుంది, ఏడాదికోసారి ఎకో తీయించుకుంటుంది. గుండె మునుపటంత కాకపోయినా, పనికి సరిపడా తోడుతోంది. డాక్టరమ్మ ఈమధ్య, ఎర్రమందు మొదలుపెట్టిన వాళ్లందరి గుండెనూ మధ్యమధ్యలోనే తెరమీద చూస్తోంది, ఆయాసం వచ్చేదాకా ఆగడం లేదు. అమ్మాయికి ఇంకా అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు కావాలి. వాళ్లను వెతికిపెట్టే బాధ్యత అక్క తన నెత్తిన వేసుకుంది. బట్టలు తెచ్చినవాళ్లను పట్టుకుని, "మీ ఇంట్లో ఇద్దరికి కేన్సర్ వచ్చి తగ్గిందా? కాస్త రక్తం ఇద్దురూ, నొప్పి ఉండదు" అంటుంది. అలా ఇప్పటికే నలుగురిని పంపింది. నొప్పి ఉండదన్నది మాత్రం అబద్ధమని, వాళ్లలో ఒకాయన తిరిగొచ్చి కొట్లాడాడు.

మొన్న ఎకో తీయించుకుని వస్తూ చెల్లి ప్రయోగశాలకు తొంగి చూసింది. పళ్లేలు మారాయి, కణాలు కొత్తవి. కొన్ని పాతవి గడ్డకట్టించి డబ్బాలో దాచారట, కావలసినప్పుడు మళ్లీ పెంచుతారట. ఆ సంగతి చెబితే అక్క అడిగింది.

"ఇద్దరివీ ఒకే డబ్బాలోనా?"

"పక్కపక్కనేనట."

"నాకు చెప్పకుండానే? నిన్ను పక్కన పెట్టుకుని పడుకుంటే నాకు నిద్ర పట్టదని తెలుసుగా" అని, అక్క లోపలికి వెళ్లి ఇద్దరికీ టీ పెట్టింది.