అద్దాలు అక్కర్లేని ఏడాది

ఉద్యోగంలో చేరిన నాటి నుంచి రోజూ సాయంత్రం డైరీ రాయడం నా అలవాటు. రిటైరయ్యాక కూడా అది తప్పలేదు. ఒక ఎండాకాలం సాయంత్రం డైరీ తెరిచి కళ్లద్దాల కోసం చెయ్యి చాపబోయి, చాపకుండానే నిన్నటి పేజీ చదివేస్తున్నానని గమనించి ఆగిపోయాను. అద్దాలు పెట్టుకుంటే అక్షరాలు మసకబారాయి, తీస్తే తేటగా ఉన్నాయి. మళ్లీ పెట్టాను, మళ్లీ తీశాను. నలభై దాటినప్పటి నుంచి అద్దాలు లేనిదే మందుసీసా మీది పేరు కూడా చదవలేని మనిషిని. డెబ్బై దాటాక చూపు తిరిగొచ్చింది!

నా భార్యను పిలిచి, ఆమె ఎదుటే సూదిలో దారం ఎక్కించాను. ఆమె సూది లాక్కుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇగ గా మందేందో నాకు గూడ చెప్పుండ్రి."

మందు ఆమె చేతిదే. ఆ ఏడాది పెరట్లో పొన్నగంటి కూర ఏపుగా పెరిగింది. రోజు విడిచి రోజు పప్పులో అదే. చూపు దానివల్లే వచ్చిందని ఇద్దరం తేల్చేసుకున్నాం.

బస్టాండులో బస్సుల రాకపోకలు చూసే కంట్రోలర్‌గా చేశాను నేను. నాతోపాటు రిటైరైన డ్రైవర్ ఒకాయన పక్క గల్లీలోనే ఉంటాడు. పొద్దున ఛాయ్ దగ్గర ఆయనకు పేపర్ అద్దాలు లేకుండా చదివి వినిపిస్తే నోరు తెరిచాడు.

"క్యా బాత్ హై, కంట్రోలర్ సాబ్! జవాన్ అయితున్రు. ఇంకో షాదీకి సూడమంటరా?"

"మీ భాబీని అడిగి చెప్త భాయ్."

మర్నాడే పొన్నగంటి కూర కోసం సంచి పట్టుకుని మా ఇంటికొచ్చాడు. ఆయనకు చాలా ఏళ్లుగా షుగర్. కళ్లు మసక అవుతున్నాయని అంతకు ముందు నుంచే అంటున్నాడు.

అవి మార్కెట్ యార్డుకు పసుపు వచ్చే రోజులు. సంచులు దించే చోట, కొమ్ములు పాలిష్ పట్టే చోట లేచే దుమ్ము మా ఊళ్లో ఎవరి ఇంటినీ వదలదు. అందుకని నా తెల్లచొక్కాలకు పసుపు ఛాయ కనిపిస్తే నాకు వింత అనిపించలేదు. గోడలకూ అంతే, దుప్పట్లకూ అంతే. అయితే సీజన్ ముగిసి, వానలు పడి, వీధులన్నీ కడిగినట్టయ్యాక కూడా చొక్కాలు అలాగే ఉన్నాయి.

"గీ అంగి సరిగ్గ ఉతుకలే. పసుపు పోలేదు."

"పసుపేడిది? వానలు పడవట్టె. పాల లెక్క ఉన్నది సూడుండ్రి."

"పాలల్ల పసుపు కలిపినట్టున్నది."

"అయితే తాగుండ్రి."

అదే కాలంలో దూరం నుంచి బస్సు బోర్డులు తెలియడం మానేశాయి. కొత్తగా పెట్టిన ఎర్రదీపాల బోర్డులు బాగాలేవని తిట్టుకున్నాను. ఎదురొచ్చే లారీ లైట్ల చుట్టూ వలయాలు కనిపిస్తే లైట్లను తిట్టుకున్నాను. చేతిలోని పేపర్‌లో చీమ కాళ్లంత అక్షరం కూడా స్పష్టంగా కనిపిస్తుంటే కళ్ల మీద అనుమానం ఎలా వస్తుంది?

మొక్కజొన్న కోతలై మక్కలు ఇళ్లకు వచ్చే కాలంలో, బాల్కొండ దగ్గరున్న మా చెల్లెలి ఇంటికి స్కూటర్ మీద బయలుదేరాం. హైవే దిగి ఊరి రోడ్డు పట్టాం. ఆ రోజుల్లో రైతులు సగం రోడ్డు మీద మక్కలు ఆరబోస్తారు, అంచున రాళ్లు పెడతారు. ఎదురెండ. నాకు రోడ్డంతా ఒకటే లేతపసుపు రంగులో సాఫీగా కనిపించింది. వెనక నుంచి నా భార్య నా భుజం గోళ్లతో పట్టి అరిచింది.

"మనిషీ! మనిషున్నది!"

బ్రేకు తొక్కాను. ముందుచక్రం మక్కల్లో దిగబడి బండి పక్కకు ఒరిగింది. జానెడు దూరంలో, వంగి మక్కలు తిరగేస్తున్న ఒక ముసలమ్మ నడుము ఎత్తి నన్ను చూసింది. ఆమెను నేను చూడలేదు. మసకగానైనా చూడలేదు. నేను చూసిన రోడ్డు మీద ఆమె లేనే లేదు.

"ఓ పెద్దాయనా, కండ్లేడ వెట్టినవ్? నేను పిట్టనా, కనవడకపోనీకి?"

నా భార్య దిగి, ఆమె చేతులు పట్టుకుని, చెదిరిన మక్కలు దగ్గరికి ఊడ్చి ఇచ్చింది. ఆ తర్వాత మళ్లీ బండెక్కలేదు.

"కండ్లు సూపించుకునేదాంక మీ ఎన్క గూసోను. మీరు గూడ నడపొద్దు. నూకుకుంట రాండ్రి."

నిజామాబాద్‌ కంటి దవాఖానకు ఆ వారమే వెళ్లాం. షుగర్ సంగతి తెలిసి నా భార్య డ్రైవర్ భాయ్‌ని కూడా బస్సెక్కించింది. చిన్న వయసు డాక్టరమ్మ చుక్కలు వేసి, దీపం పెట్టి చూసింది. అద్దాలు వదిలేసిన సంగతి గొప్పగా చెప్పబోయాను.

"అదే అంకుల్, శుక్లం ముదిరిన గుర్తు," అంది. "లోపలి కటకం గట్టిపడితే కొందరికి కొన్నాళ్లు దగ్గరి చూపు బాగైనట్టు ఉంటుంది. దూరం పోతుంది. కటకం పసుపురంగుకు తిరుగుతుంది, రంగులు మారతాయి."

పసుపురంగు! నా భార్య నా చొక్కా చెయ్యి పట్టి నా కళ్ల ముందుకు ఎత్తి చూపించింది.

"మరి పొన్నగంటి కూర?" అన్నాడు భాయ్ చిన్నగా.

"తినండి, మంచిదే. కానీ కూర శుక్లాన్ని కరిగించదు, షుగర్‌ను ఆపదు. షుగర్ ఉన్నవాళ్లు చూపు బాగున్నా సరే ఏడాదికోసారి కంటి వెనక పొర చూపించుకోవాలి." ఆయన పొరలో చిన్న రక్తపు చుక్కలు మొదలయ్యాయని, ఇప్పుడే వచ్చారు కాబట్టి కాపాడుకోవచ్చని చెప్పింది. ఆయన టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని, మళ్లీ ఎప్పుడు రావాలో అడిగాడు.

ముందు కుడికంటికి ఆపరేషన్ చేశారు. నల్లద్దాలు, వేళకు చుక్కలు, తలస్నానం వద్దు, కన్ను నలపొద్దు, దుమ్ములోకి పోవద్దు. పట్టీ తీసిన మర్నాడు మా వరండాలో కూర్చుని ఎడమకన్ను మూశాను. దండెం మీద నా చొక్కా తెల్లగా ఉంది. అంత తెలుపు ఉంటుందని మరిచిపోయాను. కుడికన్ను మూశాను. అదే చొక్కా ఛాయ్‌లో ముంచి తీసినట్టుంది. మూస్తూ తెరుస్తూ ఉండిపోయాను. పసుపు దుమ్ముకు మాసి బూడిదరంగైందనుకున్న మా గోడ లేతనీలం. ఇన్నాళ్లూ చొక్కాల మీద, గోడల మీద చూసింది నా కంట్లోని మరకనే. దాన్ని పట్టుకుని ఇంటిదానితో పోట్లాడాను, దానితోనే రోడ్డు మీద బండి నడిపాను. ఆ రోజు డైరీ రాయడానికి మళ్లీ దగ్గరి అద్దాలు కావలసి వచ్చాయి. అవి ముక్కు మీద కూర్చుంటే ప్రాణం కుదుటపడింది.

డాక్టరమ్మ నడపవచ్చని చెప్పాక, స్కూటర్ బయటికి తీశాను. నా భార్య సంచితో గేటు దగ్గర నిలబడింది, ఎక్కలేదు. మూల మీద బస్సొకటి ఆగి ఉంది.

"ఎడమ కన్ను మూసుకోండ్రి. గా బస్సు ఏడికి పోతది?"

"సిరికొండ."

"ఇప్పుడు కుడిది మూసుకోండ్రి."

మూశాను. ముప్పై ఏళ్లు బస్సుల మధ్య బతికిన నాకు అక్కడ బస్సుంది గానీ బోర్డు లేదు. దాని ముందున్నది దాటుతున్న మనిషో, స్తంభమో తెలియలేదు. ఆ ముసలమ్మ నడుము గుర్తొచ్చింది. తాళంచెవి తీసి నా భార్య చేతిలో పెట్టాను.

"రెండోది గూడ కానియ్యుండ్రి, అప్పుడు ఇస్త," అని కొంగున ముడేసుకుని, ఆటోను పిలిచింది.