ఇందే కొనె

మా ఇంట్లో గోడలకంటే పాత సినిమా పోస్టర్లే ఎక్కువ. గోడలు పడిపోయినా ఇల్లు పడదు. కథానాయకులు భుజాల మీద మోస్తారు.

అన్నింటిలోకీ అపురూపమైనది రేకు మీద అంటించినది. కన్నడ సరిహద్దులో ఉన్న మా సొంతూరు మోకలో టూరింగ్ టాకీసు మూతపడిన రోజు, పోస్టర్లు అంటించే మనిషి దాన్ని గోడ నుంచి పీకి నా నెత్తిన పెట్టాడు. ఊరంతటికీ ఆయన మామే. అప్పుడు నేను బడిపిల్లవాణ్ణి.

మొన్న హైదరాబాదు నుంచి వేలం సంస్థ మనిషి దాని ఫోటో చూసి, ఫోన్‌లో ఒక ధర చెప్పాడు. అది విని మా గోడ గడియారం నిమిషం పాటు ఆగిపోయింది. మా ఆవిడ ఆగలేదు. కారుతున్న మిద్దెకు మరమ్మతు, వంటింటికి టైల్సు, అన్నీ ఫోన్ పెట్టేలోపే తేల్చేసింది. షరతు ఒక్కటే: పోస్టరుకు అడ్డంగా ఉన్న కన్నడ చీటీ చిరగకుండా ఊడిరావాలి.

అది ఊడితేనా! మైదాలో మైలుతుత్తం వేసి మామ కాచిన గంజి దొరికుంటే తుంగభద్ర ఆనకట్టకు రాళ్లే అక్కర్లేకపోయేది. రేకు చంకనెత్తుకుని మోక బస్సెక్కాను.

మామ తడిగుడ్డ పట్టుకుని కూర్చున్నాడు. "నా గంజి నా మాటే వింటాదప్పా. ఐదు నిమిషాలు." చీటీని వేలితో తడిమి నవ్వాడు. "నాకు రెండో తరగతి తెలుగే గదా. 'ఇంద, కొనెయ్' అని రాసిండారు. చివర 'య్' కాగితంలో పట్టలేదేమోలే."

"మామా, అది కన్నడం. 'ఇందే కొనె'. ఈరోజే ఆఖరు అని!"

మామ చేతిలోంచి గుడ్డ జారింది. "ఆఖరా? టికెట్టు కొనమంటాండారనుకొని, బొమ్మ వచ్చిన మొదటి రోజే అంటిస్తాంటినే!"

ఇప్పుడు అర్థమైంది. మోకలో ప్రతి సినిమాకూ మొదటి రోజే జనం ఎందుకు తొక్కుకునేవారో! ఆ చీటీ చూసే కదా నేను ప్రతిసారీ ఏడ్చి, నేలమీద పొర్లి, ఇంట్లోవాళ్ల చేత టికెట్టు కొనిపించుకున్నది! నా ఈ సినిమా పిచ్చికి బీజం మామ ఊహించుకున్న ఆ 'య్'.

మామ గుడ్డ మళ్లీ తీశాడు. "తప్పు నాదే గదప్పా, తీసేస్తా ఉండు. నీకు దుడ్డొస్తాది."

నేను రేకును గుండెకు హత్తుకున్నాను. "ముట్టుకోవద్దు మామా. నువ్వు సరిగ్గా చదివింటే నాకు ఒక్క సినిమా కూడా దొరికేది కాదు."

ఇంట్లో మా ఆవిడ సంగతంతా విని, నవ్వి నవ్వి పొయ్యి మీది పాలు పొంగించింది. "టైల్సు మాత్రం నేను మరిచిపోను" అంటూనే, మిద్దె కారే చోటికి దూరంగా రేకుకు తనే మేకు కొట్టింది.

వేలం మనిషికి ఫోన్ చేశాను. "ఇందే కొనె. ఇంక మన బేరం అయిపోయింది" అన్నాను.

"కొంటామనే కదా సార్ చెప్తున్నాం!" అన్నాడాయన.