కోటగోడలో పిల్లరాయి

తెలంగాణ వచ్చిన కొత్తలో రాచకొండ గుట్టల మీద నేనొక రాయి దొంగతనం చేశాను. దోసిట్లో పట్టేంత రాయి. రాజుల కాలం నాటి కోటగోడలోంచి గుంజిన రాయి. చెప్తే నవ్వుతారు గానీ, ఆ తర్వాత ఎన్నో ఏళ్లు నేను దాన్ని మోస్తూనే ఉన్నాను.

అప్పుడు మేం భువనగిరిలో ఒక్క గదిలో కిరాయికి ఉండేవాళ్లం. రెండు బిందెల నీళ్లు ఎక్కువ పట్టుకుంటే ఇంటావిడ మూతి మూడు వంకర్లు తిప్పేది. దేవుడికి దీపం పెట్టినా, తులసికి నీళ్లు పోసినా నా నోట ఒకటే మొక్కు, సొంతిల్లు. మా వైపు ఒక అలవాటుంది. గుట్టెక్కి దేవుణ్ణి చూడబోయేవాళ్లు దారి పక్కన రాళ్లు ఏరి, ఒకదాని మీద ఒకటి పేర్చి, బొమ్మరిల్లంత ఇల్లు కట్టి దండం పెడతారు. పేర్చింది నిలబడితే సొంతిల్లు అవుతుందని నమ్మకం. ఆ కార్తీకంలో నేనూ బయల్దేరాను. తోడు మా బాపు వచ్చాడు.

బాపు బతుకంతా రాళ్లతోనే గడిచింది. చేన్ల చుట్టూ గోడలు, బావులకు లోపలి కట్టు, అన్నీ సున్నం సిమెంటు లేకుండా ఉత్త రాళ్లతోనే కట్టేవాడు. పెద్ద రాళ్లను తల్లులనేవాడు, సందుల్లో బిగించే చిన్న రాళ్లను పిల్లలనేవాడు. "పిల్ల సక్కగ కూసుంటెనే తల్లి కదలదు బిడ్డా" అని నా చిన్నప్పుడు ఎన్నిసార్లు చెప్పాడో. ఆ రోజు కూడా ఆయన సంచిలో సుత్తె ఉంది.

"దేవుని కాడికి పోతూ సుత్తెందుకు బాపూ?" అన్నాను.

"మంగలోని సంచిల కత్తి లేకుంట ఉంటదా?" అన్నాడు.

కోటగోడ దగ్గరికి రాగానే ఆయన నన్ను మర్చిపోయాడు. ఎద్దు వీపు నిమిరినట్టు గోడను నిమురుకుంటూ అవతలికి పోయాడు. నేను కూర్చుని నా ఇల్లు కట్టుకున్నాను. అడుగు రాళ్లు దొరికాయి, గోడల రాళ్లు దొరికాయి, కప్పుకే సరైన రాయి దొరకలేదు. ఏది పెట్టినా జారిపోతోంది. తలెత్తితే కోటగోడ సందులో, ఒక తెల్లచారతో, చాకుతో కోసిన జున్నుముక్కలాంటి నల్లరాయి. నా ఇంటి కోసమే ఎవరో అక్కడ దాచినట్టు కనిపించింది. రెండుసార్లు ఊపితే పాలపన్నులా ఊడి చేతిలోకొచ్చింది. నా ఇంటి మీద పెట్టాను. ఇల్లు నిలబడింది.

"ఏడున్నవే?" అని బాపు కేక. గోడలోని ఆ చీకటి కంత నావైపే చూస్తోంది. పరుగెత్తుకుంటూ ఎదురుపోయాను. ఆయన నా మొహం చూసి, గోడ వైపు చూసి, "నువ్వు నడువు, నేను జర ఆగి వస్త" అన్నాడు. చాలాసేపటికి వచ్చాడు. నేను ఎందుకని కూడా అడగలేదు, బతుకుజీవుడా అనుకున్నాను.

నాలుగేళ్లకు ఊరి చివర రెండు గదుల ఇల్లు లేచింది. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అని ఊరికే అనలేదు పెద్దలు. రెండో వానాకాలానికే కిటికీ మూల నుంచి నేల దాకా గోడ బీటవారింది. మా ఆయన మేస్త్రీని తిట్టాడు. నాకు మాత్రం సంగతి తెలుసు. కోటగోడ తన రాయిని తాను అడుగుతోంది! బాపు వచ్చి బీట మీద బొటనవేలు ఆనించి కిందికంటా పోనిచ్చి, "ఊఁ" అని ఊరుకున్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నేను చాయ్ పెడతానని వంటింట్లోకి పారిపోయాను. ఆయన ముందు ఎందులోనైనా తప్పు చెయ్యొచ్చు గానీ, రాయి విషయంలో చెయ్యకూడదు. గోడలో రాయి గుంజినవాడి చేతి నీళ్లు కూడా తాగనని ఒకసారి ఊరందరి ముందు అన్న మనిషి ఆయన.

పోయినేడు మా అమ్మాయి ఫోన్‌లో ఏదో చూపిస్తూ తాత పక్కన కూలబడింది. పెరూ అనే దేశంలో, మబ్బులకు పైన, ఇంకాలు అనేవాళ్లు కట్టిన రాతి ఊరు. సున్నం లేదట, సందులో చాకుమొన కూడా దూరదట. జనం రోజుల తరబడి కొండలెక్కి నడిచి పోయి చూస్తారట. బాపు ఫోన్‌ను కళ్ల దగ్గరికి తెచ్చుకుని చాలాసేపు చూశాడు.

"గీళ్లు మనోళ్లేనా?"

"కాదు తాతా, సముద్రాల అవతల."

"గట్లెట్ల? పనితనం మన రాచకొండ లెక్కనే ఉన్నది." తర్వాత నా వైపు తిరిగాడు. "ఒక్కపారి మళ్ల గుట్టెక్కుదం బిడ్డా. వచ్చే ఏటికి ఈ మోకాళ్లు ఆగయి."

నా గుండెలో రాయి పడింది. ఆ కంత ఆయన కంట పడితే?

కార్తీకంలోనే నేనూ బాపూ పోయాం. ఆటో దిగేసరికి గుట్టలు లేవు, మంచే ఉంది. బాపు ముందు నడుస్తుంటే ముందు ఆయన కాళ్లు కనిపించకుండా పోయాయి, తర్వాత నడుం, తర్వాత తలపాగా ఒక్కటే తెల్లగా తేలుతూ పోయింది. సీతాఫలాల వాసన ఎటునుంచో వస్తోంది, చెట్లు కనిపించవు. నెమలి అరిచింది, ఎక్కడో తెలియదు. అంత చల్లటి తెల్లదనంలో నడుస్తుంటే ఆ పెరూ కొండలూ ఇవీ ఒకటే అయినట్టు, ఇంకో నాలుగడుగులు వేస్తే సముద్రాల అవతలివాళ్లెవరో ఎదురుపడి మంచినీళ్లు అడుగుతారేమో అన్నట్టుంది. భయం కూడా నిద్రలో ఉన్నట్టు మెత్తగా ఉంది. నడిచీ నడిచీ నేనెందుకు వచ్చానో కాసేపు మరిచిపోయాను.

మంచు కాస్త విడితే దారి పక్కన చిన్నచిన్న ఇళ్లు. వందలకొద్దీ. ఎవరెవరి మొక్కులో! రాతి మీద రాయి, కొన్ని నిలబడి, కొన్ని కూలి, కొన్నింటి మీద పసుపు. ఒక ఊరు ఊరే అక్కడ మంచులో పండుకుని ఉంది. బాపు దమ్ము తీసుకోవడానికి కూర్చున్నాడు. నేను పూలు కోస్తానని చెప్పి నా ఇంటి కోసం వెతికాను. అది ఎప్పుడో కూలిపోయింది. గడ్డిలో చెయ్యి పెట్టి తడిమితే తెల్లచార నల్లరాయి దొరికింది. కొంగులో చుట్టుకున్నాను. ఆయన చూడకముందే దాని జాగాలో దాన్ని పెట్టేస్తే చాలు. నా ఇల్లు నిలబడుతుంది, ఆయన దగ్గర నా మొహం నిలబడుతుంది.

వడివడిగా గోడ దగ్గరికి పోయాను. కంత లేదు.

అటు పది అడుగులు, ఇటు పది అడుగులు నడిచాను. ఎదురుగా అదే వంకర చెట్టు, అదే బండ. గోడ మాత్రం ఎక్కడా పన్ను ఊడనట్టు నిండుగా ఉంది. అదంతా కల గన్నానా? అయితే కొంగులో ఈ బరువేంది?

వెనకనుంచి బాపు నెమ్మదిగా వచ్చాడు. సంచిలోంచి సుత్తె తీశాడు.

"చెవ్వు ఆనియ్యి" అన్నాడు.

తడి గోడకు చెవి ఆనించాను. ఆయన ఒక రాయి మీద కొట్టాడు. ఖంగుమంది. పక్కదాని మీద కొట్టాడు. ఖంగుమంది. మూడోది చిన్నరాయి. దాని మీద కొడితే కొంచెం ఎండిన చప్పుడు, టక్కుమని.

"కొత్త కోడలు లెక్క. ఇంక కలిసిపోలే" అని నవ్వాడు. "గిది నేను పెట్టిన."

ఏడుపొచ్చింది. కొంగు విప్పి రాయి చూపించాను.

"తెల్సా బాపూ నీకు? గప్పుడే తెల్సా?"

"గోడ కట్టెటోనికి కంత కనపడదా? నిన్ను నడువుమని, గీ రాయిని సెక్కి పెట్టిన. తల్లి ఊగకుంట చేసిన."

"ఇన్నేండ్లు కడుపుల పెట్టుకున్నవా! గా బీట పడ్డప్పుడన్న చెప్పొద్దా? కోట శాపం అనుకుని నేను సచ్చిన!"

"శాపం లేదు, పాడు లేదు. రేగడి భూమిల మూడడుగులే పునాది తోడి గోడ లేపితే పగలకుంట నవ్వుతదా? నీ మొగనికి చెప్పిన, ఇనలే."

ఏడుస్తూనే నవ్వొచ్చింది. "రాయి గుంజినోని చేతి నీళ్లు తాగనంటివి గదా?" అన్నాను. నేను చాపిన నీళ్ల సీసా ఆయన నా చేతిలోంచే తీసుకుని గటగట తాగాడు. మూతి తుడుచుకుని ఆ చిన్నరాయి మీద అరచెయ్యి ఆనించాడు. చాలాసేపు తియ్యలేదు.

"నలభై ఏండ్లు కట్టిన బిడ్డా. చేన్ల గోడలు జేసీబీలు తీసుకపోయినయి. బాయిలు పూడ్చిన్రు. నేను కట్టింది ఒక్కటి లేదు ఇప్పుడు. గిదొక్కటే ఉన్నది." బొటనవేలితో దాని అంచు నిమిరాడు. "నువ్వు గుంజకపోతే రాజుల గోడల నాకు జాగా ఏడ దొరుకు?"

పైన ఎండ వచ్చింది. కొంగులో రాయి అట్లాగే ఉంది. దిగేటప్పుడు ఆ మొక్కుల ఊళ్లో, కప్పు లేని ఇల్లొకటి చూసి దాని మీద పెట్టాను. బాపు వంగి, రాయిని ఇంకొంచెం తిప్పి, సక్కగ కూసోబెట్టాడు.