ఆ ఒక్క మాట అందించలేదు

ఈ సంగతి ఇన్నేళ్లుగా కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. మోకరించినప్పుడు, తెలిసి చేసినవీ తెలియక చేసినవీ క్షమించు ప్రభువా అని గబగబా అనేస్తాను. ఏది, ఎప్పుడు అని ఆయన అడగడు కదా. నేనూ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే మీకు చెప్తున్నాను.

అప్పుడు మేమంతా నాంపల్లిలో ఒకే ఇంట్లో ఉండేవాళ్లం. కింద మేము, పైన మా మరిది, తోటికోడలు సునీత, వాళ్ల పాప బ్లెస్సీ. వేసవి సెలవుల్లో చర్చిలో పిల్లలకు వీబీఎస్, అంటే సెలవుల బైబిలు బడి, పెడతారు. వారం పాటు పాటలు, కథలు, బొమ్మలు. చివరి రోజు తల్లిదండ్రుల ముందు కార్యక్రమం. నేను సండేస్కూలు టీచర్ని కాబట్టి ఆ వారం మా ఇల్లు ఇల్లులా ఉండేది కాదు. మా ఆయన హాల్లో కూర్చుని థర్మాకోల్‌తో నోవహు ఓడ కోస్తుంటే ఆ తెల్లటి నలుసులు అన్నంలో కూడా వచ్చేవి. రంగు కాగితాల కోసం నేను ఆబిడ్స్ అంతా తిరిగేదాన్ని. వంట మొత్తం సునీత మీద పడేది. మెదక్ నుంచి వచ్చిన పిల్ల, ఎదురు మాట్లాడడం తెలియదు. ఇంటికీ టీచర్లకూ కలిపి పులిహోర చేసి, డబ్బాలు సర్ది, నువ్వు పో అక్కా, ఈడ నేను చూసుకుంటా అని నన్ను సాగనంపేది.

చివరి రోజు పిల్లల్లో ఒకరు బైబిల్లోని ఒక కీర్తన మొత్తం కంఠతా చెప్పాలి. ఏటా మా అమ్మాయి షైనీయే చెప్పేది. ఆ ఏడు పాస్టరుగారి భార్య, మేమంతా పాస్టరమ్మ అంటాం, బ్లెస్సీకి ఇద్దామన్నారు. ఆ పిల్ల గొంతు బాగుంటుంది, దానికీ ఒక అవకాశం రావాలి కదా అని అందరి ముందూ నన్నే అడిగారు. చాలా సంతోషం అమ్మా అన్నాను. నవ్వాను కూడా. మంచిదాన్ని అనిపించుకోవడం నాకు బాగా వచ్చు. లోపల మాత్రం భగ్గుమంది. షైనీకి అప్పటికే కొత్త గౌను కుట్టించాను. మా అమ్మావాళ్లను రమ్మని కబురు కూడా పెట్టాను.

బ్లెస్సీకి నేర్పింది నేనే. మా దగ్గర వాక్యాలు నేర్పే పద్ధతి ఒకటుంది. ప్రతి వచనానికీ మొదటి మాట టీచరు అందిస్తుంది, మిగతాది పిల్ల అందుకుంటుంది. బాగా వచ్చాక ఆ అందించడం మానెయ్యాలి. లేకపోతే పిల్లకు అదే అలవాటైపోతుంది. షైనీకి ఏటా మానేసేదాన్ని. బ్లెస్సీకి మానెయ్యలేదు. పని హడావుడిలో మర్చిపోయానా? మర్చిపోయాననే ఇన్నాళ్లూ అనుకుంటూ వచ్చాను. కానీ ఆ వారం నేను గమ్ము డబ్బాలతో సహా దేన్నీ మర్చిపోలేదు. అదొక్కటే ఎలా మర్చిపోయాను?

చివరి రోజు మైకుకు ఎదురుగా, మొదటి వరుసలో, ఒళ్లో బైబిలు పెట్టుకుని కూర్చున్నాను. అది నా చోటు. ఏ పిల్ల ఆగినా పెదాలు కదిపి మాట అందించేది నేనే. బ్లెస్సీ మొదలుపెట్టింది. నేను అందిస్తున్నాను, అది చెప్తోంది. జనం తలలూపుతున్నారు. పాస్టరమ్మ కొంగుతో కళ్లు తుడుచుకున్నారు. అదిగో, అది చూశాను. షైనీ చెప్పినప్పుడు ఆవిడ ఎన్నడూ కళ్లు తుడుచుకోలేదు.

తర్వాతి వచనం కోసం పిల్ల నా వైపు చూసింది. మాట నా నాలుక మీదే ఉంది. నేను తల వంచి బైబిల్లో పేజీ తిప్పాను, ఏదో వెతుకుతున్నట్టు.

ఎంతసేపో చెప్పలేను. మైకులో ఆ పిల్ల ఊపిరి వినిపించింది. వెనకాల ఎవరో దగ్గారు. ఎవరో నవ్వారు, ప్రేమగానే. తలెత్తితే అందించాల్సి వస్తుందని నేను తలెత్తలేదు. వచనం ఉన్న చోటు దొరకలేదని, అక్షరాలు కనపడలేదని ఆ తర్వాత నాకు నేను ఎన్ని చెప్పుకున్నా, నిద్రలో లేపి అడిగినా వచ్చే కీర్తనకు నాకు పుస్తకం ఎందుకు? చివరికి పాస్టరమ్మ, పర్వాలేదు, పాపకు చప్పట్లు కొట్టండి అన్నారు. షైనీ, నీకొచ్చా అని అడిగారు. వారమంతా ఇంట్లో వింటూనే ఉంది కదా. వెళ్లి తప్పు లేకుండా చెప్పింది. కొత్త గౌనులో.

ఇంటికి వెళ్తూ మొజంజాహీ మార్కెట్ దగ్గర ఆగాం. బాగా చెప్తే మామిడిపండు ఐస్‌క్రీం ఇప్పిస్తానని బ్లెస్సీకి మాటిచ్చాను. అక్కడ సునీత కూతురి రెక్క పట్టుకుంది.

"పెద్దమ్మ గంత కష్టపడి నేర్పితే గిట్ల పరువు తీస్తవా? సారీ చెప్పు."

బ్లెస్సీ తలెత్తింది. "నేను నిన్నే చూసిన పెద్దమ్మా."

"చూస్తే ఏంది? చెప్పాల్సింది నువ్వు గదా" అంది సునీత.

"సారీ పెద్దమ్మా."

"పోనీ తియ్ బిడ్డా" అన్నాను.

అంటే నేను ఆ పిల్లను క్షమించేశాను. తలుచుకుంటే ఇప్పటికీ నా ముఖం నేను చూసుకోలేను. దాని ఐస్‌క్రీం కప్పులోనే కరిగిపోయింది.

బ్లెస్సీ మళ్లీ మైకు ముట్టుకోలేదు. బడిలో లేదు, కాలేజీలో లేదు. ఒకసారి ఉద్యోగం ఇంటర్వ్యూకు వెళ్లి నోరు పెగలక తిరిగొచ్చింది. స్టేజీ పేరెత్తితే దీనికి చెమటలు పడతాయని ఇంట్లో అందరం ఆటపట్టిస్తాం. నేనూ నవ్వుతాను. అక్క నా పిల్లకు ఎంతో చేసింది, దానికే అదృష్టం లేదు అని సునీత ఇప్పటికీ అంటుంది. అన్నప్పుడల్లా చచ్చిపోతాను. నోరు మాత్రం విప్పను.

ఈ వారం మళ్లీ వీబీఎస్. ఈసారి కీర్తన చెప్పేది షైనీ కూతురు. నేర్పుతున్నది బ్లెస్సీ. నిన్న మా వంటింటి గుమ్మంలో నిలబడి చూశాను. బ్లెస్సీ ఉల్లిగడ్డలు తరుగుతోంది. నా మనవరాలు చెప్తూ చెప్తూ ఆగింది. ఆగిందో లేదో, తల తిప్పకుండానే బ్లెస్సీ మాట అందించేసింది. కాసేపయ్యాక, ఇగ నేను అందియ్య, నువ్వే చెప్పాలె, ఆగితే మాత్రం నేనున్న అంది. పిల్ల మొత్తం తనంతట తనే చెప్పింది.

అప్పుడు బ్లెస్సీ నన్ను చూసింది. ముందు వరుసలో నేను కూర్చుంటానా, తనను కూర్చోమంటానా అని అడిగింది. మామూలుగానే అడిగింది. మామూలుగానేనా? ఆ ముఖంలో నాకేమీ కనపడలేదు. నువ్వే కూర్చో బిడ్డా అన్నాను.

"ఔ, నేనే కూసుంటా" అని మళ్లీ ఉల్లిగడ్డల వైపు తిరిగింది.

దానికి తెలుసు. ఆ రోజు నుంచీ తెలుసు, ఎవరికీ చెప్పలేదు. నేను వంటింట్లోకి వెళ్లి దాని పక్కన నిలబడి చెప్పొచ్చు. వెళ్లలేదు. మీ దగ్గరికి వచ్చాను, అదీ నా ధైర్యం.

మాట నాకు వచ్చు. తెలిసే అందించలేదు. ఈ రెండు ముక్కలు బయటికి అన్నాక కాస్త ఊపిరి ఆడుతోంది. ఇంతకు మించి అడగడానికి నాకు మొహం లేదు.