పొరల బాబాయి సొంత ముక్క

ఆసుపత్రి ల్యాబులో ఆయన్ని అందరూ పొరల బాబాయి అంటారు. రోగుల ఒంట్లోంచి తీసిన ముక్కను మైనపు దిమ్మలో బిగించి, కోత యంత్రం చక్రం తిప్పుతూ, ఉల్లిపొర సిగ్గుపడేంత పలచగా కోయడం ఇరవయ్యేడేళ్లుగా ఆయన వృత్తి. పొరకు రంగులద్ది డాక్టరమ్మ ముందు పెట్టడంతో ఆయన ధర్మం తీరిపోతుంది. రిపోర్టు కోసం కిటికీలోంచి తొంగిచూసేవాళ్లకు "రేపు రండి" అని సెలవిస్తారు. ఆ గాంభీర్యానికి కొందరు దణ్ణం పెట్టి మరీ వెళతారు.

అంతటి మనిషి మాడు మీద గడ్డ లేచింది. జుట్టు కత్తిరించే ఆయన కనిపెట్టేనాటికి శనగగింజంత, ఆర్నెల్లకు రేగిపండంత. సర్జను దాన్ని తీసేసి, "క్యాన్సరో కాదో పరీక్షలో తేలాలి" అని సీసాలో వేసి పంపాడు. ఎక్కడికి? బాబాయి బల్ల మీదికే.

సొంత ముక్క సొంత చేత్తో కోయరాదని ఒకప్పుడు శాసనం చేసిందీ ఆయనే. అందుకని పక్క బల్ల టెక్నీషియనమ్మ కోతకు కూచుంది. ఆయన ఆమె వెనక నిలబడ్డారు.

"కత్తి వాలు చూసుకో అమ్మా... నెమ్మది... ఊపిరి బిగబట్టు..."

"నా ఊపిరి సంగతి సరే అన్నయ్యా, మీది నా మెడ మీద పడుతోంది!"

పొర నడిమికి మడతపడింది. డాక్టరమ్మ మైక్రోస్కోపులో చూసి పెదవి విరిచింది.

"మడత కింద ఏముందో తెలీట్లేదు. మళ్లీ కోయండి. బాబాయిగారూ, మీరు కాస్త బయట కూచోండి."

బయట బెంచీ మీద ఒక పెద్దాయన జరిగి చోటిచ్చాడు.

"మిమ్మల్నీ రేపు రమ్మన్నారా?"

బాబాయి తలూపి పక్కన కూచున్నారు. తలుపవతల చక్రం ఆగినప్పుడల్లా ఆయన మెడ అటు తిరుగుతోంది.

గంటన్నరకి పిలుపొచ్చింది. డాక్టరమ్మ తన కుర్చీలోంచి లేచింది.

"కూచుని చూడండి."

ఇన్నేళ్లూ ఆయన రంగు బాగా పట్టిందా లేదా అనే చూశారు, అర్థం వెతకలేదు. ఇప్పుడు ఊదారంగు దీవులు కనిపించాయి. పిల్లలు బొమ్మగా పేర్చే అట్టముక్కల్లా ఒకదాని పక్కన ఒకటి ఇమిడిపోయి, ఒక్కోదాని చుట్టూ గులాబీ గట్టు.

"ఒక్కటీ గట్టు దాటలేదు చూశారా? దీన్ని సిలిండ్రోమా అంటారు. చెమట గ్రంథిలో పుట్టే గడ్డ. క్యాన్సర్ కాదు. నా సర్వీసులో ఇది రెండోది."

బాబాయి కళ్లజోడు తీసి, మచ్చలేని అద్దాలను చాలాసేపు తుడిచారు. తర్వాత భార్యకు ఫోన్ చేశారు.

"ఏమోయ్, భయం లేదట. చెమట గ్రంథి గడ్డట. చాలా అరుదట."

అవతల ముక్కు చీదిన చప్పుడు.

"అరుదు కాక? మీకు చెమట పట్టగా ఈ ఇంట్లో ఎవరు చూశారు గనక!" అందావిడ. "ఆ మాట ఇంకోసారి చెప్పండి."

"ఏ మాట? అరుదనా?"

"కాదండీ, మొదటిది."