సన్న తీగ మోగిందా కాకా

నిన్న సాయంత్రం వాన వెలిశాక బాల్కనీలో కూర్చుని, గిటార్ భుజానికి గడ్డం ఆనించి ఒక్క తీగ మీటాను. దవడ ఎముకలో తేనెటీగ తిరిగినట్టు సన్నగా మోగింది. చెవికి వినిపించే శబ్దం ఒకటి, ఎముకకు తెలిసే శబ్దం ఇంకొకటి. ఈ రెండోది ఎక్కడో చాలా లోపలి నుంచి, చాలా ఏళ్ల వెనక నుంచి వస్తున్నట్టుంటుంది. కళ్లు మూసుకున్నాను. అంతే, హైదరాబాదు లేదు. గోదావరిఖని కాలనీలో మా పక్క క్వార్టర్ వరండా, మల్లె ఆకుల మీద పల్చగా పరుచుకున్న బొగ్గుపొడి, దూరంగా షిఫ్టు సైరన్. "నిద్రొస్తే లోపలికెళ్లి పడుకోవచ్చుగా" అన్నారు మావారు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఈ మాట ఎన్నిసార్లు అన్నారో! గిటార్ మీద గడ్డం పెట్టుకుని వాయించే మనిషి జోగుతున్నట్టే కనిపిస్తుంది మరి. ఇది ఓదెలు కాక దగ్గర నాకు అంటుకున్న అలవాటు. ఆయనకది అలవాటు కాదు, అవసరం అని తెలిసేసరికి నాకు పందొమ్మిదేళ్లు నిండాయి.

మా నాన్న కృష్ణా జిల్లా నుంచి బొగ్గు కంపెనీలో సర్వే ఉద్యోగానికి వచ్చారు. పక్క క్వార్టర్ ఓదెలు కాకది. కాక గనిలో సర్దార్. గనిని అక్కడ బాయి అంటారు. బొగ్గు తీసే చోటికి అందరికంటే ముందు సర్దార్ వెళ్తాడు, చేతికట్టెతో పైకప్పును కొడుతూ, వింటూ నడుస్తాడు. కంగుమంటే కప్పు గట్టిది. డొల్లగా పలికితే పైన రాయి విడిపోయిందని అర్థం, అటువైపు ఎవరినీ రానివ్వడు. ఆయన "రాండ్రి" అంటేనే వెనకున్న పదిమంది అడుగు వేస్తారు. రోజూ పదిమంది ప్రాణాలు ఆయన చెవి మీద ఆధారపడి ఉండేవన్నమాట. అలాంటి మనిషి మొదటి షిఫ్టు దిగి, స్నానం చేసి, భార్య రాజవ్వ ఇచ్చిన చాయ్ తాగి, వరండాలో ఎలక్ట్రిక్ గిటార్ ఒళ్లో పెట్టుకునేవాడు. తమ్ముడు కొన్నాళ్లు నడిపి వదిలేసిన ఆర్కెస్ట్రాలో మిగిలిన గిటార్ అది. ఎంత కడిగినా పోని బొగ్గు ఆయన కళ్ల అంచుల్లో కాటుకలా ఉండేది. గడ్డం గిటార్ మీద ఆనించి, ఆ కాటుక కళ్లు సగం మూసి వాయిస్తుంటే, నాలుగు గంటల ఎండ కూడా మెత్తబడినట్టు అనిపించేది నాకు. డిగ్రీ రెండో సంవత్సరం పుస్తకాలు ఒళ్లో అలాగే ఉండిపోయేవి.

ఒకరోజు ధైర్యం చేసి, నేర్పుతావా కాకా అని అడిగేశాను.

"నేర్పుడేంది బిడ్డా, వేళ్లు పచ్చిపుండ్లయితయ్. ఓర్సుకుంటవా?" అన్నాడు.

గిటార్ కొనడానికి నాన్నా నేనూ ఆయన్ను వెంటబెట్టుకుని మంచిర్యాల వెళ్లాం. షాపాయన ఎర్రగా నిగనిగలాడే గిటార్ తీసి, ఆంప్లిఫయర్‌కి తగిలించి, అద్దాలు అదిరేలా మోగించాడు. నా మనసు దాని మీదే పడింది. కాక మాత్రం వైరు పీకించి, వేలి కణుపుతో గిటార్‌ను అక్కడక్కడా తట్టి, గడ్డం ఆనించి తీగలు మీటాడు. "డొల్లగున్నది" అని పక్కన పెట్టేశాడు. ఎలక్ట్రిక్ గిటార్‌ని కరెంటు లేకుండా చూడటమేంటని షాపాయన నవ్వాడు. "కరెంటు పెడితే అన్నీ మోగుతయ్ సేటు. లేనప్పుడు ఏది మోగుతదో గదే చూడాలె" అన్నాడు కాక. చివరికి రంగు వెలిసి, అంచు చెక్కుకుపోయిన పాత గిటార్ ఒకటి ఇప్పించాడు. బస్సులో నేను దారి పొడుగునా మూతి ముడుచుకునే కూర్చున్నాను. ఆ రాత్రి దాన్ని కరెంటు లేకుండా ఒళ్లో పెట్టుకుని మీటితే కడుపులో మోగింది. పొద్దున లేచేసరికి ఎర్ర గిటార్ గుర్తు లేదు.

నా చేతులు చిన్నవి, తీగలేమో ఎత్తుగా ఉన్నాయి. కాక వాటిని విప్పి పల్చటి తీగలు వేశాడు. పైన తీగలు ఆనే గట్టులో గాడులు సన్నటి ఆకురాయితో రోజుకింత చొప్పున అరగదీశాడు. తీగల కింద ఉండే అయస్కాంతాన్ని, పికప్ అంటారు దాన్ని, స్క్రూ తిప్పి ఒకవైపు పైకి లేపాడు. "సన్న తీగకు గొంతు తక్కువున్నది" అనేవాడు. వారం తిరిగేసరికి ఇంకొంచెం లేపేవాడు. నా గిటార్‌కే కాదు, తన గిటార్‌కి కూడా. ఆంప్లిఫయర్‌లో ఆ తీగ కీచుమని చెవులు కోసేది. పాత గిటార్ కదా, దాని గుణమే అంత అనుకున్నాను.

తీగలు కలిపి నొక్కే కార్డుల్లో సి, జి, ఎ మైనర్ నెల రోజుల్లో వచ్చేశాయి. ఎఫ్ రాలేదు. చూపుడు వేలితో ఆరు తీగలనూ అడ్డంగా నొక్కిపెట్టి, మిగతా వేళ్లు ముందు మెట్ల మీద వేయాలి. "గీ వేలు అడ్డదూలం, మిగిలినయి గుంజలు. దూలం వంగిందంటే కప్పు నిలవదు" అనేవాడు కాక. నేను కార్డు పట్టి ఒక్కో తీగే మీటుతుంటే, ఆయన ఎదురుగా కూర్చుని చేతికట్టె ఒక కొన నా గిటార్ తలకు ఆనించి, రెండో కొన మీద గడ్డం పెట్టుకునేవాడు. డ్యూటీ చేసి అలసిపోయాడు కదా అనుకునేదాన్ని. ప్రతి తీగకూ "మోగిందా?" అని నన్నే అడిగేవాడు. ఒకసారి విసుగొచ్చి, మోగని తీగను మోగిందన్నాను. కాక మొహం మారిపోయింది.

"మోగనిదాన్ని మోగిందనకు బిడ్డా. గీడ అంటే ఏం గాదు. బాయిల అంటే మనుషులు పోతరు."

ఆ రోజు ఇంటికొచ్చి ఏడ్చాను. మళ్లీ ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం. కట్టె బాయి దగ్గరే మర్చిపోయాడట, చేతులు ఖాళీగా పెట్టుకుని కూర్చున్నాడు. నేను ఎఫ్ పట్టి ఆరు తీగలూ వరసగా మీటాను. సన్న తీగ నా వేలి కింద నలిగి టక్కుమంది. "మంచిగున్నది, అన్నీ మోగినయ్" అన్నాడు. ఎందుకో అనుమానం వచ్చింది. కార్డు వదిలేసి, ఉత్త సన్న తీగను గట్టిగా మీటాను. అది కీచుమంటూ వరండా అంతా నిండింది. కాక మల్లెచెట్టు వైపు చూస్తూ, "ఆగినవేంది బిడ్డా, కొట్టు" అన్నాడు.

కట్టె, గడ్డం, వారం వారం పైకి లేచిన పికప్, అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయి. మాటలు వినిపిస్తున్నాయి గానీ, సన్నటి మోత కాక చెవికి అందడం లేదు. మూడు రోజులు అటువైపు పోలేదు. చెబితే కాక సర్దార్ పని పోతుంది. రిటైర్మెంటుకు రెండేళ్లే ఉంది, ఆ పనే ఆయన పరువు. చెప్పకపోతే ఆ పదిమంది. పైగా మేము వేరే ప్రాంతం నుంచి వచ్చినవాళ్లం, వాళ్ల బాయి సంగతి మాట్లాడటానికి నేనెవరినని ఒక పిరికితనం. సైరన్ మోగినప్పుడల్లా కాక తిరిగొచ్చాడా అని కిటికీలోంచి చూసేదాన్ని.

నాలుగో రోజు వెళ్లాను. కట్టె కొన గిటార్ తలకు ఆనించబోయాడు. నేను గిటార్ వెనక్కి లాక్కున్నాను. అలా లాక్కున్నందుకు నా చేతులంటే నాకే కోపం వచ్చింది.

"కట్టె పక్కన పెట్టు కాకా."

"ఏంది బిడ్డా, గట్లంటున్నవ్?"

సన్న తీగ మీటాను. "మోగిందా కాకా?"

నన్ను చూశాడు, తీగను చూశాడు. తీగ ఇంకా వణుకుతూనే ఉంది. మోగిందని చెప్పేయడానికి కంటికి ఆ వణుకు చాలు. చెప్పలేదు. "మళ్ల కొట్టు" అని తల వంచుకుని కళ్లు మూసుకున్నాడు. కొట్టాను. "ఇంకొక్కసారి." కొట్టాను. చాయ్ గ్లాసులతో వచ్చిన రాజవ్వ గుమ్మంలోనే ఆగిపోయింది.

"లేదు బిడ్డా," అన్నాడు చివరికి, "నాకైతే వినపడలే."

"మరి బాయిల ఎట్ల చేస్తున్నవయ్యా?" అంది రాజవ్వ.

"ఒక చెయ్యి కప్పుకు ఆనిస్త, ఇంకో చేత్తోని కొడ్త. వేళ్లకు తెలుస్తది. ఏడాది సంది గట్లనే నడుస్తున్నది." మళ్లీ తనే, "కప్పు ఎత్తున్న కాడ చెయ్యి అందది" అన్నాడు. ఆ సంగతి ఆయన్ను ఎవరూ అడగలేదు.

అర్జీ నా చేతే రాయించాడు. చెవులు సరిగా వినిపించడం లేదని రాశాను. పైకి చదివించుకుని, "'సరిగా' తీసెయ్. వినపడుతలేవు, గంతే రాయి" అన్నాడు. మర్నాడు పొద్దున్నే పోయి మేనేజర్ చేతికిచ్చాడు. వారంలో ఆయన్ను బాయి పైన ల్యాంపులు ఇచ్చే గదిలో వేశారు. తన మాట మీద లోపలికి నడిచినవాళ్లకే ఇప్పుడు కిటికీలోంచి ల్యాంపులు అందించాలి. ఆ కిటికీ దగ్గర ఎవరో చెవిటి సర్దార్ అన్నారట. తర్వాత ఆ పదిమందికీ ఏమీ కాలేదు. ఆయనే కొనసాగి ఉంటే ఏమన్నా అయ్యేదో లేదో ఎవరికీ తెలియదు. నెల రోజులు వరండాలో గిటార్ లేదు. నేను మా కిటికీ మూసుకుని కూర్చున్నాను. రాజవ్వే ఒకరోజు గోడ దగ్గరికొచ్చి, "నువ్వు ఫికర్ పెట్టుకోకు బిడ్డా, బాయిల దిగుతలేడని నా పానం నిమ్మలంగున్నది" అంది. ఆ మాటకు బలం వచ్చింది గానీ, తప్పు చేశానన్న బాధ మాత్రం పోలేదు.

ఆ తర్వాతే ఒక సాయంత్రం గోడవతల నుంచి పిలుపు. "ఎఫ్ వచ్చిందా బిడ్డా?"

పరుగెత్తాను. కాక దాపరికం లేకుండా కట్టెను గిటార్ తలకు ఆనించి, దవడ కింద బిగించి పెట్టుకున్నాడు. నేను ఎఫ్ పట్టి మీటాను. "ఐదు మోగినయ్. సన్నది సచ్చింది" అన్నాడు. నిజమే, ఐదే మోగాయి. నేను ఏడుస్తూ నవ్వాను. ఆయన ఉత్తగా నవ్వాడు.

రాష్ట్రం వచ్చిన ఏడాది నాన్న రిటైరయ్యారు, మేము కాలనీ వదిలాం. వెళ్లేముందు కాకను చూడబోయి, గుర్తుగా ఆ కట్టె ఇవ్వమని అడిగాను. ఇవ్వలేదు. "నీకు చెవులున్నయ్ కద బిడ్డా" అన్నాడు. ఇప్పుడు కాక లేడు. కట్టె ఎవరి దగ్గరుందో తెలియదు.

నిన్న వాన మళ్లీ మొదలయ్యే లోపు ఎఫ్ పట్టాను. ఇన్నేళ్లయినా ఆ కార్డు ఒక్కోరోజు మొండికేస్తుంది. "బాగుంది" అన్నారు మావారు లోపల్నుంచి.

"లేదండీ, సన్న తీగ మోగలేదు" అని, వేలు సర్దుకుని మళ్లీ మీటాను.