పాకాల దాటని రైలు

"మీ బావ పోయినాడురా," అని అక్క ఫోన్ చేసినప్పుడు నేను మనసులో ఆయనతోనే వాదించుకుంటున్నాను. ముందురోజు సాయంత్రం తెగని వాదన. ఇక తెగదు. మధ్యలో లేచిపోవడం ఆయనకు అలవాటే.

పరామర్శకు వచ్చిన కరెంటాఫీసు పాత మిత్రులు, మా బావ పల్లెలకు వెలుగిచ్చాడని పొగిడారు. ఆ వెలుగు సంగతి నన్నడగాలి. పుత్తూరు పక్కన మా పల్లె ఆయన చూసే లైనుకు చిట్టచివర ఉండేది. ఎండాకాలంలో బల్బు లోపలి తీగ ఎర్రగా కనిపించేదే తప్ప వెలుగు ఉండేది కాదు. మా బావి మోటారు రెండుసార్లు కాలిపోయింది. అడిగితే ఒకటే మాట: "చివరూరికి అంతే బామ్మర్దీ. వచ్చిందే మేలనుకో."

రిటైరయ్యాక తిరుపతిలో తన ఇంటి మేడగదిలో బొమ్మ రైలు పెట్టుకున్నాడు. రెండు మంచాలంత ప్లైవుడ్ బల్ల. దాని చుట్టూ గుండ్రంగా పట్టాలు; ఈ కొసన తిరుపతి, ఆ కొసన పాకాల, నడుమ చంద్రగిరి. స్టేషన్లన్నీ మందుల అట్టపెట్టెలతో చేసినవే. రైలుకు కరెంటు పట్టాల గుండానే అందాలి. ఆయన తిరుపతి దగ్గర మాత్రమే పట్టాలకు రెండు వైర్లు కలిపి ఊరుకున్నాడు. దాంతో బండి తిరుపతిలో బాణంలా బయలుదేరేది, చంద్రగిరి దాటాక నీరసించేది, పాకాలలో నిలిచిపోయేది. అక్కడ అక్క స్టూలు మీద కూర్చుని వేలితో నెట్టాలి.

"కన్ను అట్టా ఇట్టా తిప్పబాకు, బండి వస్తాండాది!" అని ఈ కొసనుంచి అరిచేవాడు.

"వస్తే రానీ. నా మోకాళ్ళు పోతాండాయి ఈడ," అనేది అక్క. అయినా లేచేది కాదు.

ఎవరూ తాకకుండా రైలు ఒక్క చుట్టు తిరిగి రావాలి. ఆయన కోరిక అదొక్కటే. గుండె ఆపరేషనయి ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు కూడా ముందు మేడెక్కాడు. "పోయేలోగా ఒక్క చుట్టు సూడాలప్పా," అన్నాడు.

అందుకు ఆయన చేసిందేమిటి? పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చాడు. రైలు తిరుపతి మలుపులోనే పట్టాలు తప్పి నేలమీద పడింది. పాకాలలో మాత్రం అదే నీరసం. ఇంకా పెద్దది తెచ్చాడు. ఇంజను కాలి గదంతా కంపు. తర్వాత కొత్త ఇంజను కొని, పట్టాల అతుకులకు రాగితీగ చుట్టాడు. "ఎముక విరిగినోడికి కట్టినట్టు పుత్తూరు కట్టు కట్టినావే, గుడ్డు పూసినావా?" అన్నాను. ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

తిరుపతిలోనే రెండు వీధుల అవతల మా ఇంట్లో గోడల సున్నం కనిపించనన్ని పుస్తకాలున్నాయి. వాటిలో ఒకదాంట్లో చదివే చెప్పాను. ప్రతి అతుకు దగ్గరా కొంత పోయి, పాకాల చేరేసరికి కరెంటు చాలడం లేదు. బల్ల కిందనుంచి నేరుగా పాకాలకు రెండు లావు వైర్లు లాగితే సరిపోతుందని.

"కరెంటు సంగతి నువ్వు నాకు చెప్పాల్నా? పుస్తకం ముట్టుకుంటే షాకు కొట్టదు బామ్మర్దీ!"

"మా పల్లెను ఎండబెట్టినట్టే రైలునూ ఎండబెడతాండావు."

"చివరూరికి అంతే," అని నవ్వాడు. ఆయన నాతో అన్న చివరి మాట అదే.

నా భార్య చనిపోయిన ఏడాది, రోజూ సాయంత్రం స్కూటర్ మీద వచ్చి, "లెయ్యప్పా, బండికి టైమయింది," అని నన్ను లాక్కెళ్ళింది కూడా ఈయనే. ఆ మేడగదిలో తిట్టుకోవడానికి ఒక మనిషి ఉండబట్టే ఆ ఏడాది గడిచింది. అది రాయకపోతే అన్యాయం.

కర్మలయ్యాక వైర్లు, సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని మేడెక్కాను. టీ చల్లారేలోగా అయిపోయింది పని. ఇంత చిన్న పని! అక్క మెల్లగా మెట్లెక్కి వచ్చి తన స్టూలు మీద కూర్చుంది. స్విచ్ వేశాను. బండి చంద్రగిరి దాటింది. వేగం తగ్గలేదు. "చూసినావా?" అనడానికి పక్కకు తిరిగాను. కుర్చీ మీద ఆయన తువ్వాలు ఉంది.

ఆ కొసన అక్క వేలు చాచింది. అది తగిలేలోపే రైలు పాకాల దాటిపోయింది.

"నిలబళ్ళేదే!" అంది. నా వైపు తిరిగి, "ఇంగ నాకేం పనిరా ఈడ?" అంది.

రైలు మళ్ళీ తిరిగి వచ్చింది, మళ్ళీ దాటిపోయింది. ఆమె వేలు పట్టాల పక్కన అట్లాగే చాచి ఉంది.